క్రోషియాతో బుల్లి క్రిస్మస్ మేజోడు: మడమ దగ్గర ఆగిపోయేవాళ్ళ కోసం

నవంబరు మూడో వారం దాటిందంటే నా ఫోన్‌కి ఒకే రకం ఫొటోలు రావడం మొదలవుతుంది. ఎర్ర ఊలుతో అల్లిన చిన్న గొట్టం, దాని పక్కన సూది, కింద "అక్కా, ఇందాకా వచ్చింది, మడమ ఎట్టా తిప్పేది?" అని ఒక ప్రశ్న. పోయినేడు నెల్లూరు నుంచి ఒకామె ఓపిక పట్టలేక మడమ లేకుండానే పైదాకా అల్లేసి పంపింది, చూస్తే అచ్చం కొర్రమీను మాదిరి ఉంది. నేను నవ్వలేదులెండి. నేను మొట్టమొదట అల్లినదాన్ని చేతిలోకి తీసుకుని మా అత్త "ఇదేంది, బీరకాయకి తొడుగా?" అని అడిగింది.

ఒక్కొక్కరికీ విడిగా వాయిస్ మెసేజ్ పెట్టేకంటే ఒకేసారి పూర్తిగా రాసేస్తే నయమనిపించింది. చైన్, సింగిల్ క్రోషే ఈ రెండూ మీ చేతికి వచ్చి ఉండాలి, అంతే. అవి ఇంకా రానివాళ్ళు రెండు రోజులు ఊరికే పట్టీలు అల్లి విప్పుతూ ఉండండి, చెయ్యి కుదిరాక ఇటు రండి. మిగతా పనంతా లెక్క. 16 అనే అంకె ఒక్కటి గుర్తుంటే సగం పని అయినట్టే, ఎందుకో ముందుకెళ్తే మీకే తెలుస్తుంది.

ఇంత చిన్నది ఎందుకని కొందరు అడుగుతారు. మా ఒంగోలు వైపు, కొత్తపట్నం పక్క ఊళ్ళల్లో ఇప్పటికీ చాలా ఇళ్ళల్లో క్రిస్మస్ చెట్టంటే సరుగుడు కొమ్మే, బకెట్లో ఇసుక పోసి నిలబెడతారు. ఆ కొమ్మలు చూడటానికి ఎంత బాగుంటాయో బరువు మోయడంలో అంత నాజూకు, కాస్త పెద్ద బొమ్మ తగిలిస్తే వంగి నేల చూస్తాయి. ఈ మేజోడు పొడవు ఏడెనిమిది సెంటీమీటర్లు, బరువు మా వంటింటి కాటా మీద ఐదారు గ్రాములు. సరుగుడు కొమ్మ చివర కూడా నిలుస్తుంది. లోపల ఒక చాక్లెట్ పడుతుంది, రెండు పెడితే మాత్రం కొమ్మని దారంతో వెనక కిటికీకి కట్టుకోవాల్సిందే.

కావలసినవి

ఊలు: 4 ప్లై అక్రిలిక్ ఊలు. మేజోడుకి ఎరుపో ఆకుపచ్చో ఒక రంగు, పై పట్టీకి తెలుపు, మడమకి ఈ రెండిట్లో ఏదైనా. ఒక మేజోడుకి అన్నీ కలిపి పది పన్నెండు మీటర్ల ఊలు పడుతుంది, కాబట్టి రంగుకొక చిన్న ఉండ కొంటే నాలుగైదు మేజోళ్ళు హాయిగా వస్తాయి. నెల్లూరులో అయితే చిన్నబజారు వైపు, ఒంగోలులో ట్రంక్ రోడ్డు చుట్టుపక్కల ఫ్యాన్సీ షాపుల్లో, టైలరింగ్ సామాను అమ్మే షాపుల్లో అడగండి. మెత్తటి నూగు నూగుగా ఉండే ఊలు మాత్రం కొనకండి. పట్టుకుంటే ముద్దొస్తుంది గానీ కుట్లు కనపడవు, కుట్లు కనపడకపోతే లెక్క పెట్టలేం.

సూది: 3 మిల్లీమీటర్ల క్రోషియా సూది. కొలత సూది మధ్యలో చెక్కి ఉంటుంది. మీ చెయ్యి బిగువైతే 3.5 తీసుకోండి. ఇంట్లో అమ్మమ్మల కాలం నాటి సన్నటి స్టీలు సూది, అదే నరసాపురం వైపు నూలు దారంతో లేసు అల్లే రకం ఉంటే దానితో ఈ పని చేయబోకండి. అది దారం కోసం పుట్టిన సూది, ఊలులో గుచ్చితే పోగులు చీలిపోతాయి.

ఇంకా: పెద్ద కన్నున్న మొద్దు సూది (లేకపోతే చిన్న దబ్బనం), కత్తెర, రెండు పిన్నీసులు, ఒక పెన్సిలు, ఒక కాగితం. పిన్నీసులు గుర్తు పెట్టుకోవడానికి. దీనికోసం ప్రత్యేకంగా ప్లాస్టిక్ గుర్తులు అమ్ముతారు, కానీ ప్రతి ఇంట్లో గాజులకి తగిలించి ఉండే పిన్నీసు కంటే మంచి గుర్తు నాకు దొరకలేదు.

మొదటి మేజోడు ముదురు రంగులో అల్లకండి. 2023 డిసెంబరు మొదటి వారంలో మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మా వీధిలో కరెంటు లేదు, వాన చూస్తూ కూర్చోలేక కొవ్వొత్తి వెలుగులో ముదురు మెరూన్ ఊలుతో మేజోళ్ళు అల్లాను. తెల్లారి వెలుగులో చూస్తే నాలుగింటికి నాలుగూ విప్పాల్సిన సరుకే. లేత రంగుతో, పగటి వెలుగులో ఒకటి అల్లితే ఏ కుట్టు ఎక్కడుందో కంటికి అలవాటవుతుంది.

మాటలు ముందే అనుకుందాం

సింగిల్ అంటే: కుట్టులో సూది పెట్టి ఊలు లాగండి, సూది మీద రెండు ఉచ్చులు ఉంటాయి, మళ్ళీ ఊలు వేసి రెండింటినీ ఒకేసారి దాటించండి. పెంపు అంటే ఒకే కుట్టులో రెండు సింగిల్స్. తగ్గింపు అంటే ఒక కుట్టులోంచి ఊలు లాగి, దాన్ని పూర్తిచేయకుండా పక్క కుట్టులోంచి కూడా లాగి, సూది మీద మూడు ఉచ్చులయ్యాక ఊలు వేసి మూడింటినీ దాటించడం. స్లిప్ అంటే సూది పెట్టి ఊలు లాగి అదే ఊపులో సూది మీదున్న ఉచ్చులోంచి కూడా లాగేయడం.

ఇక్కడో చిక్కుంది. వీడియోలు చూసి నేర్చుకునేవాళ్ళు సగంమంది ఇక్కడే దెబ్బతింటారు. అమెరికావాళ్ళు సింగిల్ క్రోషే అనేదాన్ని బ్రిటన్‌వాళ్ళు డబుల్ క్రోషే అంటారు. పాత ఇంగ్లీషు పుస్తకం పట్టుకుని మా చుట్టాలమ్మాయి అల్లిన మేజోడు నా పాదానికి పట్టేంత వచ్చింది. నేను చెప్పే సింగిల్ పొట్టి కుట్టే, పైన చెప్పినట్టు రెండు ఉచ్చులు ఒక్కసారి దాటితే అయిపోయేది.

ఎడమచేతి వాళ్ళు ఇదంతా అద్దంలో చూసినట్టు తిప్పి చదువుకోండి. లెక్కలు మారవు.

1. వేలి కొన

ఊలు చివర పది సెంటీమీటర్లు వదిలి, వేలికి చుట్టి లాగితే బిగుసుకునే ఉచ్చు చేసుకోండి. అందులో 6 సింగిల్స్ అల్లి చివర లాగితే మధ్య బొక్క మూసుకుపోతుంది. ఈ లాగుడు ఉచ్చు కుదరనివాళ్ళు బాధపడక్కర్లేదు, 2 చైన్లు వేసి సూది నుంచి రెండో చైన్లో 6 సింగిల్స్ వేయండి, చిన్న బొక్క మిగులుతుంది, చివర్లో తోక దారంతో కుట్టేద్దాం.

రెండో చుట్టు: ఆరింటిలోనూ పెంపు. 12 కుట్లు.

మూడో చుట్టు: రెండు సింగిల్స్, ఒక పెంపు. ఇలా నాలుగుసార్లు. 16 కుట్లు.

చుట్టు పూర్తయ్యాక స్లిప్‌తో కలపకండి, అలాగే మరచుట్టులా ముందుకు పోండి. ప్రతి చుట్టులో మొదటి కుట్టుకి పిన్నీసు పెట్టండి, మళ్ళీ అక్కడికి రాగానే పిన్నీసు తీసి, ఆ కుట్టు అల్లి, కొత్త కుట్టుకి పెట్టండి. "నాకు పిన్నీసు అక్కర్లేదక్కా, కళ్ళకి కనపడతా ఉంది" అన్న ప్రతి ఒక్కరూ రెండు చుట్ల తర్వాత 15 కుట్లతో వచ్చారు.

2. పాదం

నాలుగో చుట్టు నుంచి ఎనిమిదో చుట్టు దాకా, అంటే ఐదు చుట్లు, పెంపూ లేదు తగ్గింపూ లేదు, ప్రతి చుట్టుకీ 16.

ఇక్కడ రెండు సంగతులు చూసుకోవాలి. ఒకటి, గిన్నెలాగా వంగుతున్న అల్లికకి మంచివైపు బయటికి ఉందా అని. మంచివైపు ప్రతి కుట్టూ చిన్న తిరగేసిన గొడుగులాగా, రెండు ఏటవాలు గీతలు కింద కలిసినట్టు కనిపిస్తుంది, చెడువైపు అడ్డగీతలు కనిపిస్తాయి. మీ సూది బయటినుంచి లోపలికి గుచ్చుకోవాలి. లోపలినుంచి బయటికి వస్తోందంటే తిరగేసి అల్లుతున్నట్టే, విప్పనక్కర్లేదు, బొటనవేలితో తోసి తిప్పేసి కొనసాగించండి.

రెండోది వెడల్పు. బల్లమీద అదిమిపెట్టి చూస్తే నాలుగు సెంటీమీటర్లు, సుమారు రెండు వేళ్ళ వెడల్పు ఉండాలి. మూడే ఉంటే చెయ్యి బాగా బిగువు, సూది ఒక సైజు పెంచండి. ఐదు దాటిందంటే వదులు. వదులైతే చాక్లెట్ కాగితం సందుల్లోంచి తొంగి చూస్తుంది, అది తప్ప కొంప మునిగేదేం లేదు.

3. మడమ

అందరూ ఆగిపోయే చోటు ఇదే, కాబట్టి ఇక్కడ నిదానంగా.

ఇప్పటిదాకా గుండ్రంగా తిరిగాం. ఇప్పుడు గుండ్రం ఆపేసి, 16 కుట్లలో సగం, అంటే 8 కుట్ల మీదే ముందుకీ వెనక్కీ నడుస్తాం. మిగతా 8 కుట్లు ముట్టుకోకుండా వదిలేస్తాం, అవి పాదం పైభాగం. ఈ మాట ఒక్కటి బుర్రకెక్కితే మడమ వచ్చేసినట్టే. మనం అల్లేది పాదం అడుగు నుంచి వెనక్కి పొడుచుకొచ్చిన చిన్న నాలుక. ఆ నాలుకని మధ్యకి మడిచి కుడితే మడమ గిన్నె తయారవుతుంది.

ఎనిమిదో చుట్టులో చివరి సింగిల్‌ని సగం అల్లి, సూది మీద రెండు ఉచ్చులుండగా మడమ రంగు ఊలు అందుకుని దానితో దాటించండి. రంగు మార్చేదెప్పుడూ ఇలాగే, కుట్టు పూర్తయ్యాక మారిస్తే పాత రంగు చుక్క కొత్త రంగులో మిగిలిపోతుంది. పాత ఊలుని పది సెంటీమీటర్లు వదిలి కత్తిరించండి.

మొదటి వరస: 8 సింగిల్స్. ఎనిమిదో దాని దగ్గర ఆగండి. ఆగడం కష్టం, చెయ్యి అలవాటుగా తొమ్మిదోదానిలోకి పోతుంది. అందుకే ముందే తొమ్మిదో కుట్టుకి రెండో పిన్నీసు పెట్టుకోండి, గేటు వేసినట్టు.

రెండో వరస: 1 చైన్ వేసి అల్లికని తిప్పండి. ఆ చైన్ కుట్టు కింద లెక్క కాదు. వెంటనే ఉన్న కుట్టుతో మొదలుపెట్టి మళ్ళీ 8 సింగిల్స్.

మూడు, నాలుగు వరసలు అలాగే. చైన్, తిప్పు, ఎనిమిది.

నాలుగు వరసలూ అయ్యాక ఎనిమిది కుట్ల వెడల్పు, నాలుగు వరసల పొడవున్న నాలుక పాదం నుంచి బయటికి వేలాడుతూ ఉంటుంది. అది చూసి "చెడిపోయింది" అని విప్పేసినవాళ్ళు ఎంతమందో. చెడిపోలేదు, ఆ సమయంలో అది అలాగే వికారంగా ఉంటుంది. తోక పాతిక సెంటీమీటర్లు వదిలి కత్తిరించి, చివరి ఉచ్చులోంచి లాగేయండి.

ఇప్పుడు మొత్తాన్ని లోపలివైపు బయటికి వచ్చేలా తిరగేయండి, పెన్సిలు వెనక భాగంతో తోస్తే సులువు. నాలుక చివరి అంచులో ఎనిమిది కుట్లున్నాయి కదా, మధ్యకి మడవండి. నాలుగు ఒకపక్క, నాలుగు ఇంకోపక్క, ఎదురెదురుగా. ఆ తోకనే పెద్ద కన్ను సూదిలోకి ఎక్కించి మూల నుంచి మడత దాకా నాలుగు జతలనీ కలిపి కుట్టండి. ఒక్కో జతకి ఒక్కో కుట్టు, చివర రెండుసార్లు. మరీ బిగించి లాగకండి, లాగితే మడమ ముడుచుకుపోయి మిరపకాయ బజ్జీ కొనలా తయారవుతుంది. తిరగేయండి. మడమ కనిపిస్తుంది. మొదటిసారి కనిపించినప్పుడు నేను ఇంట్లో అందరినీ పిలిచి చూపించాను, వాళ్ళకి ఏం చూడాలో అర్థం కాలేదు పాపం.

సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోడానికి చూపుడువేలు పాదంలోకి పెట్టి మడమ వైపు వంచండి. వేలి కణుపు మడమ గిన్నెలో కూర్చోవాలి. కుట్టిన గీత వెనకవైపు నిలువుగా రావాలి, పాదం అడుగున అడ్డంగా వచ్చిందంటే మీరు అంచుని మడవకుండా నాలుకని వదిలేసిన ఎనిమిది కుట్లతో కలిపి కుట్టేశారన్నమాట. దారం విప్పి మళ్ళీ కుట్టుకోండి, అల్లిక విప్పే పనిలేదు.

4. కాలు ఎత్తుకోవడం

మడమ కంటే అసలు మోసం ఇక్కడుంది, కానీ దీని గురించి ఎవరూ అడగరు, బొక్కలు పడ్డాక ఫొటో పంపుతారు.

వెనక కుట్టిన గీత పైకొనలో మేజోడు రంగు ఊలు తగిలించండి. అక్కడినుంచి నాలుక పక్క అంచు మీదుగా 4 సింగిల్స్, వరసకి ఒకటి చొప్పున. పక్క అంచులో కుట్ల తలలు ఉండవు కాబట్టి ఎక్కడ గుచ్చాలో తెలియక కంగారు పుడుతుంది. వరస చివర ఉబ్బెత్తుగా కనిపిస్తుంది చూడండి, అందులో రెండు పోగులైనా సూదికి దొరికేలా గుచ్చండి. ఒకే వదులు పోగుని పట్టుకుంటే అది సాగి బొక్క అవుతుంది.

మూలకి వచ్చాక, అంటే నాలుకా పాదం పైభాగమూ కలిసే సందులో, ఒక సింగిల్ అదనంగా వేయండి. తర్వాత వదిలేసిన 8 కుట్లలో 8 సింగిల్స్. రెండో మూలలో మళ్ళీ ఒకటి అదనం. ఇటుపక్క అంచు మీద 4. మొత్తం 18.

తర్వాతి చుట్టులో ఆ రెండు అదనాల్నీ మింగేద్దాం: 3 సింగిల్స్, ఒక తగ్గింపు, 8 సింగిల్స్, ఒక తగ్గింపు, 3 సింగిల్స్. లెక్కపెట్టండి, మళ్ళీ 16. మూలలో అదనం వేయకుండా నేరుగా 16 ఎత్తుకున్నా మేజోడు వస్తుంది, కాకపోతే రెండు పక్కలా కిటికీలు తెరిచినట్టుంటుంది.

5. కాలు

ఇంకో ఆరు చుట్లు, ప్రతిదానికీ 16. ఎత్తుకున్న రెండు చుట్లతో కలిపి ఎనిమిది. ఇక్కడ టీవీ చూస్తూ అల్లుకోవచ్చు. పొడుగు కావాలంటే రెండు చుట్లు పెంచుకోండి, అంతకు మించితే మేజోడు పోయి బూటు అవుతుంది. చారలు కావాలంటే రెండు చుట్లకోసారి రంగు మార్చండి. మరచుట్టులో అల్లుతున్నాం కాబట్టి రంగు మారిన చోట చిన్న మెట్టు కనిపిస్తుంది, అది తప్పదు. రంగు మార్పు ఎప్పుడూ వెనకవైపే వచ్చేలా చూసుకుంటే కొమ్మకి వేలాడేటప్పుడు ఎవరి కంటా పడదు.

6. తెల్ల పట్టీ

రంగు మార్చి తెల్ల ఊలుతో మూడు చుట్లు, 16 చొప్పున, ఆపైన ఒక చుట్టు వదులుగా స్లిప్ కుట్లు. అంచు చక్కగా కూర్చుంటుంది.

మడత పట్టీ కావాలనేవాళ్ళు ఒక కిటుకు తెలుసుకోవాలి. ఊరికే ఆరు చుట్లు అల్లి బయటికి మడిస్తే చెడువైపు బయటికొస్తుంది. తెల్ల ఊలు మొదలుపెట్టిన మొదటి చుట్టు కాగానే 1 చైన్ వేసి అల్లికని తిప్పి, అవతలి దిక్కుగా మిగతా ఐదు చుట్లూ అల్లండి. అప్పుడు మడిచాక మంచివైపే కనిపిస్తుంది. తిప్పిన చోట సందు పడితే తోక దారంతో ఒక కుట్టు వేసేయండి.

7. తగిలించే ఉచ్చు

ఊలు తెంచకుండానే, మడమ వెనక కుట్టిన గీతకి సరిగ్గా పైన ఉన్న కుట్టు దాకా స్లిప్ కుట్లతో నడవండి. అక్కడ 18 చైన్లు వేసి, మొదలుపెట్టిన కుట్టులోనే స్లిప్‌తో బిగించండి.

దయచేసి పిన్నీసుని చూసి ఉచ్చు వేయకండి. మరచుట్టులో అల్లినప్పుడు చుట్టు మొదలయ్యే చోటు కొంచెం కొంచెంగా పక్కకి జరుగుతూ పోతుంది, పైకొచ్చేసరికి అది మడమకి నేరుగా ఉండదు. ఉచ్చు పక్కకి పడితే మేజోడు కొమ్మకి తగిలించగానే గిర్రున తిరిగి వీపు చూపిస్తుంది.

8. తోకలు దాచడం

వేలి కొన దగ్గరి తోకతో మధ్య బొక్క ఉంటే రెండు కుట్లు వేసి మూసేయండి. మిగతా తోకలన్నీ లోపలివైపు కుట్ల కిందుగా ఒకసారి ఇటు, ఒకసారి అటు దూర్చి కత్తిరించండి. ఒకే దిక్కుకి దూరిస్తే అక్రిలిక్ జారుడు, పిల్లలు రెండుసార్లు వేలు పెట్టి లాగగానే బయటికొస్తుంది. ముడి వేసేసి చేతులు దులుపుకునేవాళ్ళున్నారు, వేయండి, కానీ ముడి వేశాక కూడా దూర్చండి.

మడమ ఎంతకీ రాకపోతే

ఇంకో దారుంది, నా మటుకు నాకు ఇదే ఎక్కువ ఇష్టం, మడమ గుండ్రంగా వస్తుంది. పాదం ఎనిమిది చుట్లూ అయ్యాక 8 చైన్లు వేసి, 8 కుట్లు దాటేసి, మిగిలిన ఎనిమిదిలో సింగిల్స్ అల్లండి. తర్వాతి చుట్టులో చైన్ల మీద 8, మామూలు కుట్లలో 8. మళ్ళీ 16 అయింది, కాలు పట్టీ ఉచ్చు అన్నీ పూర్తిచేసేయండి. మధ్యలో చొక్కాకి గుండీ కాజాలాగా ఒక చీలిక మిగులుతుంది. చివర్లో ఆ చీలికలోకి మడమ రంగు ఊలు తగిలించి, కింద దాటేసిన ఎనిమిదిలోనూ పైన చైన్ల అడుగునా కలిపి 16 సింగిల్స్. తర్వాతి చుట్టు: రెండు సింగిల్స్, ఒక తగ్గింపు, నాలుగుసార్లు, 12. ఆ తర్వాతి చుట్టు: ఒక సింగిల్, ఒక తగ్గింపు, నాలుగుసార్లు, 8. ఊలు తెంచి, తోకని ఎనిమిది కుట్లలోంచి దూర్చి సంచి మూతి లాగినట్టు లాగండి. చైన్లు బిగువుగా వేయకపోవడం ఒక్కటే జాగ్రత్త, బిగిస్తే కాలు అక్కడ నొక్కుకుపోతుంది.

తరచూ వచ్చే ఫిర్యాదులు

"పైకి పోయేకొద్దీ సన్నబడతా ఉంది." చుట్టులో చివరి కుట్టు వదిలేస్తున్నారు. పిన్నీసు ఉన్న కుట్టు పక్కనే దాక్కుంటుంది అది. సూది మీదున్న ఉచ్చుని కూడా కుట్టుగా లెక్కపెట్టుకుంటే ఇలాగే పదహారు అయినట్టు కనిపించి పదిహేనే ఉంటాయి. ఒకటి తక్కువైతే తర్వాతి చుట్టులో ఎక్కడో ఒక పెంపు వేసి సర్దేయండి, ఇంత చిన్నదాంట్లో ఎవరికీ తెలియదు. మూడు తక్కువైతే మాత్రం విప్పండి.

"గంట ఆకారంలో వెడల్పయింది." ఒకే కుట్టులో తెలియకుండా రెండుసార్లు గుచ్చుతున్నారు, లేదా మాట్లాడుతూ అల్లుతున్నారు. మా ఇంట్లో ఎక్కువగా రెండోదే కారణం.

"ఉతికితే తెల్ల పట్టీ గులాబీ రంగైంది." ఇది ముందే చూసుకోవాల్సింది. ఎర్ర ఊలు ముక్క తడిపి తెల్ల బట్టలో పెట్టి గట్టిగా పిండండి, మరక పడితే ఆ ఊలు తెలుపుతో కలపొద్దు. ఉతక్కపోయినా సరే, డిసెంబరు వానల్లో గుమ్మానికి నక్షత్రం పక్కన తగిలించారంటే ఆ జల్లుకే రంగు దిగుతుంది.

"నిలబడట్లేదు, గంజి పెట్టొచ్చా?" నూలు దారంతో అల్లిన నక్షత్రాలకి గంజి బాగుంటుంది, ఊలు మేజోడుకి వద్దు. గట్టిపడి అప్పడంలా తయారవడం ఒకటి, చీమలకీ బొద్దింకలకీ విందు పెట్టడం ఇంకొకటి. ఇస్త్రీ కూడా పెట్టకండి, అక్రిలిక్ వేడికి చచ్చుబడిపోతుంది, ఇంకొంచెం ఆగితే పెట్టెకి అంటుకుంటుంది కూడా. ఆకారం కావాలంటే లోపల కొంచెం దూది పెట్టండి, అది చాలు.

తగిలించే ముందు ఒకసారి బల్బుకి అడ్డంగా పట్టి చూడండి. వెలుతురు సన్నటి చుక్కలుగా అంతటా సమానంగా కనిపిస్తే బాగుంది. మడమ మూలల్లో పెద్ద చుక్క కనిపిస్తే లోపలినుంచి ఒక కుట్టు వేయండి. ఆ తర్వాత ఉచ్చుని పెన్సిలుకి తగిలించి వదిలేయండి, రెండు ఊపులు ఊగి వేలి కొన పక్కకి చూస్తూ ఆగాలి.

చాక్లెట్ మాత్రం 24 రాత్రే పెట్టండి, ముందు పెడితే చీమలో పిల్లలో ఎవరో ఒకరు తేల్చేస్తారు. పండగయ్యాక మూతున్న డబ్బాలో దాచుకోండి. కలరా ఉండలు వేయకండి, అక్రిలిక్‌ని పురుగు కొట్టదు, పైగా వచ్చే ఏడు అందులోంచే పిల్లలు మిఠాయి తీసుకుని నోట్లో పెట్టుకుంటారు.

మొదటిదానికి మీకు రెండున్నర మూడు గంటలు పడుతుంది, ఐదోదానికి గంటలోకి వస్తారు. ఫొటో పంపేవాళ్ళు పంపండి, కాకపోతే ముందు కుట్లు లెక్కపెట్టి ఆ అంకె కూడా రాసి పంపండి.